ఒకే గేటు, రెండు ఫీజులు: చెన్నైలో డిగ్రీకి ఎయిడెడ్ సీటా, సెల్ఫ్ ఫైనాన్స్ సీటా?

ప్లస్ టూ ఫలితాలు రాగానే పెరంబూరు, విల్లివాక్కం, టీ నగర్, షావుకారుపేట తెలుగిళ్ళలో మొదట వినిపించే ప్రశ్న "ఏ కాలేజీ?" అని. ఫీజు సంగతి తేలాలంటే దానికి జవాబు దొరికితే చాలదు. లయోలా, తాంబరం మద్రాస్ క్రిస్టియన్, స్టెల్లా మారిస్, ఎతిరాజ్, మైలాపూరు వివేకానంద, అరుంబాక్కం డీజీ వైష్ణవ్, పచ్చయ్యప్ప, పాత వాషర్‌మన్‌పేటలో పిట్టి త్యాగరాయ శెట్టిగారి పేరున వెలసిన త్యాగరాయ కాలేజీ, ఇవన్నీ ప్రభుత్వ సాయం అందుకుంటున్న ప్రైవేటు కాలేజీలే. అయితే వీటిలో చాలావాటిలో ఒకే ఆవరణలో, ఒకే పేరు కింద రెండు రకాల సీట్లుంటాయి. ఒకటి ప్రభుత్వ సాయంతో నడిచే ఎయిడెడ్, రెండోది ఆ సాయం లేకుండా ఫీజులతోనే నడిచే సెల్ఫ్ ఫైనాన్స్. రెండింటికీ మద్రాసు విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా ఒకటే. కట్టే డబ్బు మాత్రం కొన్నిసార్లు మూడు నాలుగు రెట్లు తేడా.

ప్రభుత్వ సాయం కాలేజీకి వస్తుందని అందరూ అనుకుంటారు. నిజానికి అది కోర్సుకు వస్తుంది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ కోర్సు కింద మంజూరైన అధ్యాపక పోస్టుకు వస్తుంది. కాబట్టి అప్లికేషన్ కొనేముందు అడగాల్సింది "ఇది ఎయిడెడ్ కాలేజీయేనా?" అని కాదు, "మా అబ్బాయి చేరబోయే ఈ బీకాం సీటు ఎయిడెడ్ సెక్షన్‌లోదేనా?" అని.

సాయం డబ్బు ఎటు పోతుంది

తమిళనాడులో ప్రైవేటు కాలేజీల వ్యవహారం 1976 నాటి ప్రైవేటు కళాశాలల నియంత్రణ చట్టం కింద నడుస్తుంది. ఎయిడెడ్ కోర్సులో మంజూరైన పోస్టులకు, బోధన సిబ్బందికైనా ఆఫీసు, ల్యాబ్ సిబ్బందికైనా, జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. భవనాలు, కొత్త ల్యాబులు, కంప్యూటర్లు, తోటమాలి, కాపలా, ఆటస్థలం నిర్వహణ చాలావరకు యాజమాన్యం చూసుకోవాలి. జీతాల భారం తీసుకున్నందుకు బదులుగా ఆ సీట్ల ట్యూషన్ ఫీజును, రిజర్వేషన్‌ను, నియామకాలను ప్రభుత్వం తన అదుపులో పెట్టుకుంటుంది.

ఈ సాయం విలువ ఎంతో ఒక చిన్న లెక్కతో తేలుతుంది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఏడో వేతన స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి మూలవేతనం నెలకు రూ. 57,700. ఏడాదికి రూ. 6,92,400. ఆరుగురు అధ్యాపకులున్న శాఖ ఒకటి, ఏడాదికి 60 మంది చొప్పున మూడేళ్ళకు 180 మంది విద్యార్థులు అనుకుందాం. మూలవేతనం ఒక్కటే రూ. 41,54,400 అవుతుంది. 180 మందికి పంచితే తలకు ఏడాదికి రూ. 23,080. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం, అనుభవం ఉన్నవాళ్ళ పై స్కేళ్ళు కలిపితే ఈ అంకె ఇంకా చాలా పైకి వెళ్తుంది. ఎయిడెడ్ సీటులో చేరిన పిల్లవాడికి ప్రభుత్వం తరఫున ముడుతున్నది ఇదే. రసీదులో ఎక్కడా కనబడదు.

అదే కోర్సును సాయం లేకుండా నడిపే యాజమాన్యానికి రెండే దారులు. ఆ మొత్తాన్ని ఫీజులో కలపడం ఒకటి, యూజీసీ స్కేలు కంటే చాలా తక్కువ జీతానికి అధ్యాపకులను పెట్టుకోవడం రెండోది. ఎక్కువ కాలేజీలు రెండింటినీ కలిపే చేస్తాయి. సెల్ఫ్ ఫైనాన్స్ సెక్షన్‌లో చదువు ఎలా ఉంటుందో అంచనా వేయాలంటే ఫీజు కంటే ముందు అధ్యాపకులు ఎన్నేళ్ళుగా అక్కడే ఉన్నారో అడగండి. రెండేళ్ళకోసారి మనుషులు మారిపోతుంటే తక్కువ ఫీజు కూడా దండగే.

1990ల నుంచి కొత్త కోర్సులకు సాయం రావడం దాదాపు ఆగిపోయింది. ఏ కోర్సు ఎయిడెడ్‌గా దొరుకుతుందో ఊహించడానికి ఈ ఒక్క విషయం చాలు. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, చరిత్ర, ఆర్థికశాస్త్రం, ఇంగ్లీషు సాహిత్యం, పాత బీకాం సెక్షన్లు సాధారణంగా ఎయిడెడ్. బీసీఏ, బీబీఏ, విజువల్ కమ్యూనికేషన్, డేటా సైన్స్, బీకాంలో కొత్తగా పుట్టిన రకాలు ఎక్కువగా సెల్ఫ్ ఫైనాన్స్. కంప్యూటర్ సైన్స్ కాలేజీని బట్టి రెండువైపులా ఉంటుంది.

సాయం ఫీజును తగ్గిస్తుందా, పెంచుతుందా

రెండూ జరుగుతాయి. డబ్బు ఏ దారిన వచ్చిందన్నదే తేడా.

జీతాల రూపంలో కాలేజీకి వచ్చే సాయం ఆ సీటు ఫీజును నేరుగా తగ్గిస్తుంది, ఎందుకంటే ట్యూషన్ పెంచే అధికారం యాజమాన్యం చేతిలో ఉండదు. విద్యార్థి పేరున వచ్చే సాయం అలా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి సాగిన ఫీజు రీయింబర్స్‌మెంట్ మనవాళ్ళందరికీ తెలిసినదే. లక్షలాది ఇళ్ళలో మొదటిసారి ఇంజనీర్లు వచ్చారు. దాంతోపాటే రీయింబర్స్‌మెంట్‌ను నమ్ముకున్న కాలేజీలూ వందల్లో వెలిశాయి. తరవాత పది వేల లోపు ర్యాంకువాళ్ళకు పూర్తి ఫీజు, మిగిలినవాళ్ళకు రూ. 35,000 అని హద్దు పెట్టాక, ఎన్నో కాలేజీల ఫీజు ఆ హద్దు దగ్గరే నిలబడింది. అమెరికాలో ఇదే వాదనను 1987లో అప్పటి విద్యామంత్రి విలియం బెన్నెట్ లేవనెత్తాడు, ప్రభుత్వం విద్యార్థులకిచ్చే సాయం పెరిగేకొద్దీ కాలేజీలు ఫీజులు పెంచుకుంటాయని. లాభం కోసం నడిచే ప్రైవేటు సంస్థల విషయంలో అక్కడి ఆర్థికవేత్తలు దీనికి బలమైన ఆధారాలే చూపించారు. మామూలు ప్రభుత్వ కాలేజీల విషయంలో వాదన ఇంకా తెగలేదు.

సాయం తీసేస్తే ఏమవుతుందో కూడా తెలుగువాళ్ళు దగ్గరగా చూశారు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థలను సాయం వదులుకొమ్మని, లేదా ఆస్తులతో సహా అప్పగించమని అడిగింది. సాయం పోతే ఫీజులు మోయలేమని తల్లిదండ్రులు, విద్యార్థులు రోడ్డెక్కారు. నవంబరుకల్లా, ఇచ్చిన అంగీకారాన్ని సంస్థలు వెనక్కి తీసుకోవచ్చని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. వాళ్ళ భయం ఉత్తదేమీ కాదు. పైన వేసిన రూ. 23,080 ఎవరో ఒకరు కట్టాలి కదా.

చెన్నైలో ఇంకో చిక్కుంది. ఎయిడెడ్ అధ్యాపకుడు పదవీ విరమణ చేశాక ఆ పోస్టు వెంటనే నిండదు. అనుమతి రావాలి, నియామకం ఆమోదం పొందాలి, ఏళ్ళు పడుతుంది. ఈలోగా క్లాసు ఆగకూడదు కాబట్టి యాజమాన్యం తన డబ్బుతో తాత్కాలిక అధ్యాపకుణ్ణి పెడుతుంది. ఆ ఖర్చు ట్యూషన్‌లో వేయడానికి వీల్లేదు, వేరే పేర్లతో వస్తుంది. ఎయిడెడ్ సీటు ఫీజు ఏటా మెల్లగా పెరగడానికి అసలు కారణం తరచూ ఇదే.

రసీదును ఇలా చదవండి

ఎయిడెడ్ సెక్షన్ ఫీజు చలానా చేతిలోకి తీసుకుంటే ట్యూషన్ ఎదురుగా ఉండేది వందల్లోనే. దాని కింద స్పెషల్ ఫీజు, లైబ్రరీ, ల్యాబ్, ఆటలు, వైద్యం, విశ్వవిద్యాలయ రిజిస్ట్రేషన్, సంఘం చందా వంటి చిన్న వరసలు. ఆ తరవాత అసలు బరువు మొదలవుతుంది: కంప్యూటర్ ఫీజు, స్కిల్ కోర్సు, పరీక్ష ఫీజు, తల్లిదండ్రుల సంఘం, అభివృద్ధి నిధి. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ అయితే పరీక్షలు తానే పెట్టుకుంటుంది కాబట్టి పరీక్ష ఫీజు కూడా దానిదే. అది సెమిస్టరుకోసారి విడిగా కట్టాలి. అడ్మిషన్ రోజున ఇచ్చే మొత్తంలో చాలాసార్లు అది ఉండదు.

"మా దగ్గర ట్యూషన్ వెయ్యి కూడా లేదు" అని ఆఫీసులో చెప్పిన మాట అబద్ధం కాదు, కానీ దానితో బడ్జెట్ వేయలేం. మూడు సంగతులు కాగితం మీద రాయించుకోండి. ఏడాదికి అన్నీ కలిపి మొత్తం ఎంత? అందులో ఒక్కసారే కట్టేది ఎంత, వెనక్కి ఇచ్చేది (కాషన్ డిపాజిట్) ఎంత? రెండో ఏడు, మూడో ఏడు చదువుతున్నవాళ్ళు ఈ ఏడాది ఎంత కట్టారు? మూడోదే అన్నిటికంటే పనికొచ్చేది. మొదటి ఏడాది అంకెను చూసి చేరినవాళ్ళు రెండో ఏడాది తెల్లబోవడం ఏటా జరిగేదే.

ఆదాయపు పన్ను పాత పద్ధతిలో కట్టే తల్లిదండ్రులు ఇంకొకటి గమనించాలి. 80సీగా పేరుపడ్డ పన్ను మినహాయింపు ట్యూషన్ ఫీజుకే, అభివృద్ధి నిధికీ విరాళానికీ లేదు. ఎయిడెడ్ రసీదులో ట్యూషన్ చిన్నది కాబట్టి పన్నులో కలిసొచ్చేదీ చిన్నదే. సెల్ఫ్ ఫైనాన్స్ రసీదులో అన్నీ కలిపి ఒకే మొత్తం రాసిస్తే, ట్యూషన్ విడిగా చూపించమని అడగండి.

ఏ సీటు ఎవరికి

ప్రభుత్వ కాలేజీ సంగతి ముందు. ప్రెసిడెన్సీ, క్వీన్ మేరీస్, అన్నా సాలైలోని కాయిదే మిల్లత్, భారతి మహిళా కాలేజీ, నందనం, వ్యాసర్పాడి అంబేడ్కర్ కాలేజీ. ఇక్కడ డిగ్రీకి ట్యూషన్ ఫీజు రద్దయి చాలా ఏళ్ళయింది. మిగిలిన ఫీజులు కలిపినా ఏడాదికి కొద్ది వేలు దాటవు. దరఖాస్తు అన్ని ప్రభుత్వ కాలేజీలకూ కలిపి ఒకే ప్రభుత్వ వెబ్‌సైటులో. సైన్స్‌లో పీజీ దాకా, పరిశోధన దాకా వెళ్ళాలనుకునే పిల్లలకు ప్రెసిడెన్సీ లాంటి చోటు ఈనాటికీ మంచిదే. తెలుగు శాఖ ఉన్న కాలేజీ కూడా అది. లోటు ఎక్కడంటే క్యాంపస్ నియామకాలు పలచగా ఉండటం, కొన్ని సెక్షన్లలో బోధన తమిళంలో సాగడం. మన పిల్లలు ఇంగ్లీషు మీడియం సెక్షనేనా అని కోర్సు కోడ్ చూసుకుని టిక్ పెట్టాలి. కోడ్ తప్పితే తరవాత మార్చుకోవడం కష్టం.

ఎయిడెడ్ సీటు దొరికితే, కోర్సు పిల్లవాడికి నచ్చినదైతే, వేరే ఆలోచన పెట్టుకోకండి. సొంత ఇష్టం అటే ఉన్న పిల్లవాడికి గణితం ఎయిడెడ్ సీటు, పేరున్న కాలేజీలో బీసీఏ సెల్ఫ్ ఫైనాన్స్ కంటే మేలు. ఎయిడెడ్ గణితం తరవాత ఎంసీఏకో ఎమ్మెస్సీ డేటా సైన్స్‌కో వెళ్ళే దారి తెరిచే ఉంటుంది. మిగిలిన డబ్బు ఆ పీజీకి పనికొస్తుంది. అయితే గణితం అంటే వణికే పిల్లవాణ్ణి ఫీజు తక్కువని అందులో కూర్చోబెట్టొద్దు. అరియర్లు (తప్పిన పేపర్లు) పడితే ఒక ఏడాది పోతుంది. పోయిన ఏడాది విలువ ఏ ఫీజు తేడా కంటే పెద్దదే.

ఒకే కాలేజీలోని సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకు ఎక్కువ డబ్బు పెట్టడం ఎప్పుడు సబబు? కోర్సు అక్కడ తప్ప దొరకనిదైతే, నియామకాలకు వచ్చే కంపెనీలు రెండు సెక్షన్లనూ కలిపే కూర్చోబెడుతుంటే, వేళలు పిల్లవాడి ఇంకో చదువుకు కలిసొస్తే. మూడోది చిన్నదేమీ కాదు. పొద్దున షిఫ్టు సుమారు ఎనిమిదిన్నరకు మొదలై మధ్యాహ్నం ఒకటిన్నరకల్లా అయిపోతుంది. మధ్యాహ్నం షిఫ్టు ఆ తరవాత మొదలై సాయంత్రం దాకా. సీఏ ఫౌండేషన్, ఇంటర్ కోచింగులు ఎక్కువగా పొద్దునో సాయంత్రమో ఉంటాయి కాబట్టి బీకాంతో పాటు సీఏ చదివే పిల్లలకు షిఫ్టే సగం నిర్ణయం. గుమ్మిడిపూండి, పొన్నేరి వైపు నుంచి లోకల్ రైల్లో వచ్చే ఆడపిల్లలకు మధ్యాహ్నం షిఫ్టు అంటే ఇల్లు చేరేసరికి బాగా చీకటి పడుతుంది. ఆ ఒక్క కారణంతో సీటు వదులుకున్న ఇళ్ళున్నాయి, ముందే చూసుకోండి.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. పొద్దున షిఫ్టు అంటే ఎయిడెడ్, మధ్యాహ్నం షిఫ్టు అంటే సెల్ఫ్ ఫైనాన్స్ అని లెక్క కట్టేస్తారు. మధ్యాహ్నానిది సాధారణంగా నిజమే. పొద్దున షిఫ్టులో మాత్రం ఎయిడెడ్ కోర్సుల పక్కనే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు నడిపే కాలేజీలు చాలా ఉన్నాయి. ప్రాస్పెక్టస్‌లో కోర్సు పక్కన చిన్న అక్షరాల్లో ఉండే గుర్తును చూడాలి.

పూర్తిగా సెల్ఫ్ ఫైనాన్స్ కాలేజీలు, అంటే ఏ కోర్సుకూ సాయం లేనివి, ఊరి అంచుల్లో ఎక్కువ. వీటిలో ఫీజు బస్సుతో కలిపి చూడాలి. లెక్క ఎలా మారుతుందో చూపడానికి ఏ కాలేజీవీ కాని అంకెలు వేద్దాం. ఊళ్ళోని కాలేజీలో ఎయిడెడ్ సీటుకు అన్నీ కలిపి ఏడాదికి రూ. 14,000, పెద్దగా పెరగదు. మూడేళ్ళకు రూ. 42,000. అదే కాలేజీలో సెల్ఫ్ ఫైనాన్స్ మొదటి ఏడాది రూ. 48,000, ఏటా 8 శాతం పెరిగితే మూడేళ్ళకు దాదాపు రూ. 1,55,800. ఊరి అంచు కాలేజీలో మొదటి ఏడాది రూ. 38,000, అదే పెరుగుదలతో మూడేళ్ళకు సుమారు రూ. 1,23,400. చవక అనిపిస్తుంది. కాలేజీ బస్సు ఏడాదికి రూ. 22,000 చొప్పున రూ. 66,000 కలిపితే రూ. 1,89,400. ఊళ్ళో కాలేజీకైతే విద్యార్థి సీజన్ టికెట్టుతో లోకల్ రైల్లో వెళ్ళొచ్చు. ఆడపిల్లలకు 2021 నుంచి ఎంటీసీ (చెన్నై సిటీ బస్సు సంస్థ) మామూలు బస్సుల్లో టికెట్టే లేదు. ఈ తేడా మూడేళ్ళలో నిలిచి కనబడుతుంది.

డీమ్డ్ విశ్వవిద్యాలయాల్లో, అంటే పట్టా తామే ఇచ్చే సంస్థల్లో, ఫీజు వాళ్ళు పెట్టుకున్నదే. కళలు, సైన్సు డిగ్రీల కోసం అక్కడిదాకా వెళ్ళడం చాలా ఇళ్ళకు అనవసరం.

ఇంజనీరింగ్‌కు ఈ పోలిక వర్తించదు. తమిళనాడులో ఎయిడెడ్ ఇంజనీరింగ్ కాలేజీలు కోయంబత్తూరులో రెండు, మదురైలో ఒకటి, చెన్నైలో లేవు. ఇక్కడ కాపాడేది ఫీజు నిర్ణయ కమిటీ పెట్టే పరిమితి. 2017లో అది కౌన్సెలింగ్ సీటుకు ఎన్‌బీఏ (కోర్సుల నాణ్యతను పరిశీలించే జాతీయ మండలి) గుర్తింపు లేని కోర్సులో రూ. 50,000, ఉన్నదానిలో రూ. 55,000 అని, యాజమాన్య కోటాకు రూ. 85,000, రూ. 87,000 అని పెట్టింది. ఈ ఏడాదికి ఎంతో కౌన్సెలింగ్ వెబ్‌సైటులో చూసుకోవాలి. ఇంట్లో మొదటి పట్టభద్రుడైతే కౌన్సెలింగ్ ద్వారా వచ్చిన సీటుకు రూ. 25,000 ట్యూషన్ రాయితీ ఉంది. తెలుగు భాషా మైనారిటీ హోదా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో మైనారిటీ కోటాకు మాతృభాష తెలుగని రుజువు అడుగుతారు. బడి రికార్డుల్లో మాతృభాష గడిలో ఏముందో పదో తరగతి నాటికే చూసి సరిచేయించుకోవడం మేలు.

కుల ధ్రువపత్రం దగ్గర తెలుగువాళ్ళకు పడే దెబ్బ

ఎయిడెడ్, ప్రభుత్వ సీట్లలో తమిళనాడు 69 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది: బీసీలకు ముస్లింలతో కలిపి 30, ఎంబీసీలకు (అతి వెనుకబడిన కులాలకు) 20, ఎస్సీలకు 18, ఎస్టీలకు 1. మతపరమైన, భాషాపరమైన మైనారిటీ కాలేజీలకు రాజ్యాంగం 30వ అధికరణం కింద తమవాళ్ళకు సీట్లు కేటాయించుకునే హక్కుంది. అందువల్ల అక్కడ పోటీ లెక్క వేరుగా ఉంటుంది.

ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో తెచ్చిన బీసీ ధ్రువపత్రం ఇక్కడ పనిచేయదు. ఎస్సీ, ఎస్టీలకు కూడా వలస వచ్చిన రాష్ట్రంలో రిజర్వేషన్ హక్కు ఉండదని సుప్రీంకోర్టు 1990లోనే, మర్రి చంద్రశేఖరరావు కేసులో చెప్పింది. ఆ కేసు వేసింది కూడా ఆంధ్ర నుంచి వలస వెళ్ళిన కుటుంబమే. కాబట్టి నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో ఈమధ్య వచ్చినవాళ్ళు ఇక్కడ ఓపెన్ కేటగిరీలోనే కటాఫ్ చూసుకోవాలి. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళకు తమిళనాడు పత్రమే వస్తుంది, కానీ కులాల జాబితా అటూ ఇటూ ఒకటి కాదు. దేవాంగులు ఇక్కడ బీసీ. గవర, గవరై, వడుగ పేరున ఉన్న బీసీ నమోదులోంచి కమ్మ, కాపు, బలిజ, రెడ్డి వాళ్ళను పేర్లు పెట్టి మరీ మినహాయించారు. ఆంధ్రలో ఉన్న బంధువులకు బీసీ అని రాసిందని ఇక్కడా రాస్తే దరఖాస్తు వెనక్కొస్తుంది.

పత్రం ఇ-సేవై కేంద్రంలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు ఆఫీసు నుంచి తెచ్చుకోవాలి. తండ్రి పత్రం, రేషన్ కార్డు, బడి టీసీ సిద్ధంగా ఉంచుకోండి. ఫలితాలొచ్చాక ఊరంతా అదే వరసలో ఉంటుంది, మార్చిలోనే పెట్టండి.

స్కాలర్‌షిప్పుల్లోనూ సీటు రకమే తేలుస్తుంది. మూడేళ్ళ డిగ్రీకి బీసీ, ఎంబీసీ పిల్లలకు ఉన్న ఉచిత విద్యా పథకం ప్రభుత్వ, ఎయిడెడ్ సీట్లను దృష్టిలో పెట్టుకుని చేసినది. అదే కాలేజీలో సెల్ఫ్ ఫైనాన్స్ సెక్షన్‌లో ఉన్న పిల్లవాడు దానిమీద ఆశ పెట్టుకోకూడదు. ఎస్సీ, ఎస్టీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుకు కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉండాలి. దాన్నిచ్చేది విద్యార్థి సొంత రాష్ట్రం, చదువుతున్న రాష్ట్రం కాదు. మద్రాసు విశ్వవిద్యాలయానికి పేద విద్యార్థుల కోసం ఉచిత విద్యా పథకం వేరే ఉంది. ఫలితాలొచ్చిన కొద్ది రోజుల్లోనే గడువు ముగుస్తుంది కాబట్టి దాని సంగతి తెలిసేలోపే చాలామందికి చేజారిపోతుంది. ఆరు నుంచి పన్నెండు వరకు ప్రభుత్వ బడిలో చదివిన ఆడపిల్లలకు 2022 నుంచి, మగపిల్లలకు 2024 నుంచి నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. కార్పొరేషన్ బడిలో చదివిన మన పిల్లలూ ఇందులోకి వస్తారు.

తెలుగు రెండో భాషగా తీసుకోవాలనుకునేవాళ్ళు ఇంకో ప్రశ్న కలుపుకోవాలి: తెలుగు అధ్యాపక పోస్టులో ప్రస్తుతం మనిషి ఉన్నారా? ప్రాస్పెక్టస్‌లో తెలుగు ఉంటుంది, పోస్టు ఖాళీగా ఉంటుంది, పిల్లను హిందీకో ఫ్రెంచికో మారమంటారు. ప్లస్ టూ దాకా తమిళం చదవనివాళ్ళకు, డిగ్రీలో ఏ భాష తీసుకున్నా, విడిగా ప్రాథమిక తమిళం పేపర్లుంటాయి. తేలికవే, కానీ పాసవ్వాలి.

ముందు సెల్ఫ్ ఫైనాన్స్‌లో చేరి, తరవాత ఎయిడెడ్‌కు మారాలంటే

ఎయిడెడ్ కాలేజీలు ఒక్కొక్కటీ తమ సొంత వెబ్‌సైటులో విడిగా దరఖాస్తు తీసుకుంటాయి. ఎయిడెడ్‌కూ సెల్ఫ్ ఫైనాన్స్‌కూ ఒకే కాలేజీలో కూడా వేర్వేరు దరఖాస్తులు, వేర్వేరు రుసుములు ఉండొచ్చు. ఒకటి నింపి రెండింటికీ సరిపోయిందనుకోవద్దు. ఎయిడెడ్ జాబితాలు విడతలుగా వస్తాయి. సెల్ఫ్ ఫైనాన్స్‌వాళ్ళు ముందే పిలిచి మూడు రోజుల్లో కట్టమంటారు. భయపడి కట్టడం తప్పేమీ కాదు, ఎందుకంటే యూజీసీ రీఫండ్ నియమం అండగా ఉంది. 2018 నియమం ప్రకారం అడ్మిషన్ల ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకంటే ముందు మానుకుంటే ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ రూ. 5,000 మించకుండా పట్టుకుని మిగతాదంతా ఇవ్వాలి. ఆఖరి తేదీకి 15 రోజుల లోపు అయితే 90 శాతం. తేదీ దాటిన 15 రోజుల లోపు 80, ఆపైన 30 రోజుల వరకు 50, ఆ తరవాత ఏమీ రాదు. కొన్నేళ్ళు యూజీసీ ఇంకా ఉదారమైన గడువు ప్రకటిస్తుంది. 2024-25లో సెప్టెంబరు 30 దాకా మొత్తం వెనక్కి, అక్టోబరు 31 దాకా వెయ్యికి మించకుండా కోత అని ఉత్తర్వు ఇచ్చింది. మీరు చేరే ఏడాది ఉత్తర్వు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. అసలు మార్కుల పత్రం, టీసీ కాలేజీ తన దగ్గర బిగబట్టుకోవడం కూడా యూజీసీ నిషేధించినదే.

మానుకుంటున్నామని లేఖ ఇచ్చి, తేదీతో ముద్ర వేయించుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే లెక్క మొదలయ్యే రోజు మీది కాదు, వాళ్ళదవుతుంది.

ఒకే కాలేజీలో సెల్ఫ్ ఫైనాన్స్ నుంచి ఎయిడెడ్‌కు రెండో ఏడాది మార్చుతామని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు కట్టకండి. ఎయిడెడ్ సీట్ల సంఖ్య మంజూరైనంతే, ఎవరో మానేస్తేనే ఖాళీ, ఆ ఖాళీ కూడా వరస ప్రకారమే పోవాలి. ఎయిడెడ్ సీటుకు విరాళం అడిగితే అది 1992 నాటి క్యాపిటేషన్ ఫీజు నిషేధ చట్టం కిందికి వచ్చే నేరం. రసీదు లేకుండా రూపాయి ఇవ్వొద్దు. ఫిర్యాదు చేయాల్సింది కళాశాల విద్యాశాఖ ప్రాంతీయ సంయుక్త సంచాలకులకు.

వచ్చే ఏడాది డిగ్రీలో చేరే పిల్లలున్నవాళ్ళకు ఇంకా మంచి ఆయుధం ఒకటి ఉంది. ప్రభుత్వ నిధులతో ప్రధానంగా నడిచే కాలేజీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 2019లో డీఏవీ కాలేజీ కేసులో తేల్చింది. పది రూపాయల రుసుముతో నాలుగు సంగతులు అడగండి: మీరు ఎంచుకున్న శాఖలో మంజూరైన ఎయిడెడ్ పోస్టులు ఎన్ని, వాటిలో నిండినవి ఎన్ని, ఎయిడెడ్ విద్యార్థి నుంచి గత రెండేళ్ళు ఏ పద్దు కింద ఎంత వసూలు చేశారు, అందులో ప్రభుత్వం ఆమోదించినవి ఏవి. జవాబుకు ముప్పై రోజుల గడువు ఉంటుంది కాబట్టి మేలో అడిగితే ప్రయోజనం లేదు. ఫిబ్రవరిలో పోస్టు చేస్తే పరీక్షలు అయ్యేసరికి కాగితం మీ చేతిలో ఉంటుంది.